ఆరుగురి టేబుల్

మా బాబాయి లిఫ్టు మెకానిక్. మేడల్లో లిఫ్టు మధ్యలో ఆగిపోతే దాని నెత్తికెక్కి బాగుచేసే మనిషి. తీగలకు వేలాడే ఆ పెట్టె మీద గంటల తరబడి చతికిలబడి కూర్చోగలడు. కిందికి దిగాడంటే మాత్రం ఆయనకు కుర్చీ అంటే భయం. హోటల్లో కుర్చీ అయితే మరీను. టీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల ముందు కూర్చుని తాగితే ఇంకో ధర. టీ అదే, కప్పు అదే, మరి ఆ తేడా దేనికో చెప్పమని మమ్మల్ని అడుగుతాడు. జవాబు కూడా తనదే. "కుర్చీకి. లేచాక ఆ కుర్చీ మీ ఇంటికొస్తుందా?" అంటాడు.

మా వీధిలో ఆయన్ని అరప్లేటు అంటారు. ఎదురుగా కాదులెండి. ఏది తిన్నా ముందు సగం చెప్పి, చాలకపోతే ఇంకో సగం చెప్పడం ఆయన పద్ధతి. రెండు సగాలు కలిస్తే ఒక పూర్తి ప్లేటు కంటే ఎక్కువే వస్తుందని ఆయన సిద్ధాంతం. అందులో అబద్ధం లేదు. వడ్డించేవాడి చెయ్యి సగం దగ్గర సరిగ్గా ఎప్పుడూ ఆగదు.

పిసినారి అందామంటే నాకు నోరు రాదు. మా నాన్న పోయాక నన్ను తెచ్చి మేడ మీది గదిలో పెట్టుకున్నాడు. అద్దె మాట ఎత్తలేదు. నేను తెచ్చుకునే పాత పుస్తకాల కట్టలు చూసి "ఇవి సగం ధరకేనా?" అని ఒక్కసారి అడిగాడు, అవునంటే నా భవిష్యత్తు మీద నమ్మకం కుదిరినవాడిలా తలాడించాడు. పిల్లికి బిచ్చం పెట్టడు అనే మాట ఆయనకు అతకదు. పిల్లికి పెడతాడు. కూర్చోబెట్టి పెట్టడు, అంతే.

పిన్ని బట్టలుతికే షాపులో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడుతుంది. మా ఇద్దరికీ వడ్డించేటప్పుడు నిలబడుతుంది. మేం లేచాక గిన్నెలు సర్దుతూ, అటకమీదికి ఒక చెయ్యి, నోటికి ఒక చెయ్యిగా తన తిండి ముగిస్తుంది. "కూర్చో పిన్నీ" అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవలేన్రా" అంటుంది. ఆవిడ కాళ్ళ మీద నరాలు తాడులా ఉబ్బి ఉంటాయి.

లిఫ్టు కంపెనీ వాళ్ళు ఊరి చివరి వినోదాల పార్కులో యంత్రాల పని కూడా చూస్తారు. అందుకని ఏటా పనివాళ్ళకు ఇంటికి మూడు చొప్పున ఉచితంగా టికెట్లు ఇస్తారు. ఉచితం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివాను, ఆ పార్కులో చూశాను. గేటు ఉచితం. లోపల దాహం మాత్రం ఉచితం కాదు. ఆ పార్కులో మనిషిని ఆకాశానికి విసిరే బండ్లున్నాయి, నీళ్ళలో దూకే పడవలున్నాయి, గుహలో పళ్ళు పటపటలాడించే దెయ్యాలున్నాయి. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేవి భోజనం ధరలు.

బయటి తిండి లోపలికి రానివ్వరు, సంచీలు తెరిచి చూస్తారు. బాబాయి ఆ గేటుతో పంతం పట్టాడు. ఒక ఏడాది ఉడికించిన గుడ్లు ఉన్ని టోపీలో పెట్టి, మండుటెండలో ఆ టోపీ తలకు పెట్టుకుని గేటు దాటాడు. ఇంకో ఏడాది రొట్టె ముక్కలు గొడుగు మడతల్లో చుట్టాడు. ఆ రోజు వాన పడింది. ఆయన గొడుగు విప్పలేదు. ముగ్గురం తడిశాం, రొట్టె తడవలేదు. లోపల కొనక తప్పకపోతే పిల్లల ప్లేటు చెప్తాడు, దాని ధర తక్కువ. "పిల్లలేరండీ?" అని కౌంటరు వాడు అడిగితే, "బొమ్మ రైలెక్కారు, వస్తారు" అంటాడు. పిన్నికీ ఆయనకూ పిల్లల్లేరు. ఆ మాట అన్నప్పుడల్లా పిన్ని మొహం పక్కకు తిప్పుకునేది. బాబాయి కంటికి తగ్గిన ధర కనపడేది గానీ తిరిగిన మొహం కనపడేది కాదు.

అలా సంపాదించిన తిండిని సామాను దాచుకునే గది వెనక, చెత్త డబ్బాలు కడిగే తూము పక్కన నిలబడి తినేవాళ్ళం. అక్కడ నీడ ఉంటుంది, కాపలావాళ్ళు రారు. వాసన సంగతి అడగొద్దు.

అక్కణ్ణుంచి చూస్తే కృత్రిమ సరస్సు, దాని ఒడ్డున ఓడ ఆకారంలో కట్టిన హోటల్ కనపడతాయి. కదలని ఓడ. గుండ్రటి కిటికీలు, ఒక పక్కంతా నిలువు గాజు గోడ. లోపల జనం తీరిగ్గా కూర్చుని ఉంటారు, తెల్లచొక్కాల వాళ్ళు పళ్ళేలు తెస్తుంటారు. పిన్ని గుడ్డు వలుస్తూ అటే చూసేది. ఏళ్ళ తరబడి చూసింది, ఏమీ అనలేదు.

ఈ ఏడాది టికెట్లు ఇంటికొచ్చిన సాయంత్రం అంది.

"ఈసారి నేను రాను."

"ఏం, కాళ్ళు నొప్పులా?" అన్నాడు బాబాయి.

"నిలబడి తినే తిండికి అంత దూరం దేనికి? ఇక్కడే నిలబడి తింటా. బస్సు ఛార్జీ మిగుల్తుంది."

బాబాయి ఆ లెక్క కాసేపు నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఆవిడ మొహం చూశాడు. "అయితే ఏమంటావు?"

"ఆ ఓడలో కూర్చుని తింటాను. ఎవరో ఒకరు తెచ్చి నా ముందు పెట్టాలి. నేను లేవకూడదు."

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయే."

"మన దగ్గర కొండలెక్కడున్నాయండీ కరగడానికి? ఉన్నది మట్టిదిబ్బ. కరిగితే కరగనీండి ఒక్కపూట." గిన్నె మూత పెట్టి మళ్ళీ అంది, "తీసుకెళ్ళి మళ్ళీ ఆ తూము దగ్గర నిలబెట్టారంటే మాత్రం, ఇక మీతో ఎక్కడికీ గడప దాటను. పెళ్ళికైనా, చావుకైనా."

పిన్ని ఊరికే మాటలు పారేసుకునే మనిషి కాదు. బాబాయికి అది తెలుసు. ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. పట్టనిది ధర గురించో ఆవిడ గురించో నేను చెప్పలేను. రెండూ ఆయన బుర్రలో ఒకే అరలో ఉంటాయి.

ఓడ హోటల్లో టేబుల్ దొరకడం అంటే మాటలు కాదు. ఫోన్లో ముందే కొంత బయానా కట్టి తీసుకోవాలి. ముగ్గురికి అని వెతికితే వారాల తరబడి ఖాళీ లేదు. బాబాయి లిఫ్టు చెడితే ఎంత ఓపిగ్గా తీగ తీగా తడుముతాడో, ఆ ఫోనును అలా తడిమాడు. చివరికి ఒక కిటుకు పట్టాడు. ముందురోజు దాకా మానుకుంటే కట్టిన సొమ్ము వెనక్కిస్తారు, ఆ రోజు మానుకుంటే ఇవ్వరు. కాబట్టి ముందురోజు సాయంత్రం జనం టేబుళ్ళు వదిలేస్తారు. అందులోనూ ఇద్దరిదీ ముగ్గురిదీ వదలరు. వదిలేది ఆరుగురిది, ఎనిమిదిమందిది.

"పెద్ద కుటుంబాలే ముందు చెడతాయిరా. ఒకడు రానంటాడు, ఇంకొకడు అలుగుతాడు, టేబుల్ మనకొస్తుంది" అన్నాడు.

అన్నట్టే ముందురోజు సాయంత్రం ఆరుగురి టేబుల్ దొరికింది. పైగా ఆరుగురికి కలిపి ఒకే పెద్ద పళ్ళెంలో వచ్చే భోజనం తలకు చూసుకుంటే మూడో వంతు చవక. బాబాయి మొహం వెలిగిపోయింది.

"మనం ముగ్గురమే కదా బాబాయ్" అన్నాను.

"మిగతా ముగ్గురు దారిలో ఉన్నారంటాం. కూర్చున్నాక ఎవడు లేపుతాడు? మిగిలింది డబ్బాలో పెట్టించుకుందాం. రెండ్రోజులు వంట అక్కర్లేదు."

మర్నాడు పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుంది. ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసే మనిషి తన చీర ఇస్త్రీ చేసుకోవడం నేను చూసింది అదే మొదలు. సంచీలో నీళ్ళ సీసా తప్ప ఏమీ పెట్టనివ్వలేదు. బాబాయి అలవాటు కొద్దీ ఒక రొట్టె పొట్లం చొక్కా లోపల దోపబోతే చెయ్యి చాచింది. ఆయన ఇచ్చేశాడు.

పార్కులో ఏ బండీ ఎక్కలేదు. పొద్దున్నుంచీ ముగ్గురం ఆ ఓడ చుట్టూనే తిరిగాం. బాబాయి నిమిషానికోసారి ఫోను చూసుకుంటాడు, టేబుల్ ఫోన్లోంచి ఎగిరిపోతుందేమో అన్నట్టు. మా వేళకు తలుపు దగ్గరికెళ్ళాం. నావికుడి టోపీ పెట్టుకున్న అమ్మాయి ఫోను చూసి నవ్వింది.

"ఆరుగురు సార్. మిగతావాళ్ళు?"

"దారిలో ఉన్నారమ్మా. మేం కూర్చుంటాం."

"అందరూ వచ్చాకే కూర్చోబెడతాం సార్. రూలు."

"మేం ముగ్గురమే తింటాం, ఆరుగురి డబ్బూ ఇస్తాం అంటే?"

ఆ మాట నోట్లోంచి జారాక ఆయనే హడలిపోయాడు. ఆ పిల్ల ఆయన్ని కాపాడింది.

"కుదరదు సార్. ముగ్గురికి ఆరు కుర్చీలిస్తే మావాళ్ళు ఒప్పుకోరు. కొద్దిసేపు ఆపుతాను. అప్పటికీ రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. మీరు కట్టింది రాదు."

ఆ పిల్ల తప్పేం లేదు. ఆ టోపీ కింద రోజంతా నిలబడేది ఆమే. రూలు రాసినవాడు ఎక్కడో చల్లగా కూర్చుని ఉంటాడు. రూళ్ళన్నీ కూర్చున్నవాళ్ళు రాస్తారు, నిలబడ్డవాళ్ళు చదివి వినిపిస్తారు.

బాబాయి నన్ను పక్కకు లాగాడు. "ముగ్గుర్ని తేవాలి."

"ఎక్కణ్ణుంచి?"

"ఇంతమంది జనం ఉన్నారు కదరా. అందరికీ ఆకలే. చవగ్గా భోజనం, ఓడలో కుర్చీ అంటే ఎవడు కాదంటాడు? ఎవరి వాటా వాళ్ళిచ్చుకుంటారు."

పిన్నిని తలుపు పక్క నీడలో నిలబెట్టి బయల్దేరాం. మళ్ళీ నిలబెట్టే వెళ్తున్నాం అని ఆవిడ అనుకుందో లేదో, గోడకు మాత్రం ఆనుకుంది.

ముందు ఒక కొత్త జంటను పట్టాడు. వాళ్ళొచ్చినా ఇంకొకరు కావాలి, అదీ కాక వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు తప్ప మా మొహాలు చూసే స్థితిలో లేరు. తర్వాత ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు. "సరే అంకుల్" అన్నారు, నాలుగడుగులు మా వెంట వచ్చారు, దారిలో నీటి పడవ వరస తగ్గడం చూసి అందులో దూరారు. బాబాయి ఆ వరస పక్కన పరుగెడుతూ, "ఒరేయ్ నాయనా, పడవ సాయంత్రం దాకా ఉంటుంది, టేబుల్ ఉండదు" అని బతిమాలాడు. వాళ్ళు చెయ్యి ఊపుతూ నీళ్ళలోకి దూకారు. ఆయన చొక్కా తడిసింది.

ఎదురుగా చేతికి పసుపు పట్టీ కట్టుకున్న కుటుంబాలు వరసలు లేకుండా పక్క తలుపులోంచి వెళ్తున్నాయి. పట్టీ కొనుక్కున్నవాడికి ఎక్కడా ఆగే పని లేదు. డబ్బున్నవాడు కొనేది వస్తువును కాదు, మన వెయిటింగును.

"బాబాయ్, వదిలెయ్. వేరే చోట తిందాం" అన్నాను.

"మీ పిన్నికేం చెప్పను?" అన్నాడు. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. "నువ్వెళ్ళి అక్కడుండు. ఆ పిల్ల టేబుల్ ఎవరికీ ఇవ్వకుండా మాటల్లో పెట్టు. నేను తెస్తా."

నేను వెనక్కి వచ్చేసరికి పిన్ని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంది. గాజు గోడలోంచి లోపలికి చూస్తోంది.

"దొరికారా?"

"వెతుకుతున్నాడు."

"వెతుకుతారు. వెతకడంలో ఆయనకి సాటి లేరు." నవ్వింది. "పెళ్ళైన కొత్తలో ఒకసారి హోటల్‌కి తీసుకెళ్ళారు తెలుసా? మీ బాబాయే. పూర్తి ప్లేట్లు చెప్పారు అప్పుడు. తిన్నాక చూస్తే బిల్లుకు జేబులో చాల్లేదు. నన్ను ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టి, ఇంటికి పరిగెత్తారు డబ్బుకి. చాలాసేపు రాలేదు."

"నిన్ను తాకట్టు పెట్టాడన్నమాట."

"అవును. ఆయనకది ఇప్పటికీ ముల్లే. ఆ రోజునుంచి కుర్చీలో కూర్చుని తింటే ఒట్టు. నా మాట ఎవరూ అడగలేదు గానీ, నాకు భలే ఉండిందిరా. హోటలాయన మంచివాడు. కాఫీ ఇచ్చాడు, కిటికీ తెరిచాడు. నేనెక్కడికీ లేవక్కర్లేదు. లేవకూడదు కూడా. వీధిలో జనం పోతుంటే చూస్తూ కూర్చున్నా. ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి, ఇంకాసేపాగి వస్తే బాగుండేది అనిపించింది."

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన ఆ బల్ల నుంచి పరిగెత్తి పారిపోతూనే ఉన్నాడు. ఆవిడ ఆ బల్ల దగ్గరికి వెళ్ళాలని చూస్తూనే ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

టోపీ అమ్మాయి తలుపు తీసి బయటికి తొంగి చూసింది. "ఒక్కరున్నారా ఎవరైనా? గాజు పక్క బల్లకి ఒక సీటు ఖాళీ అయింది. ఒక్కరికే."

వరసలో అందరూ జంటలు, గుంపులు.

"నేనున్నాను" అంది పిన్ని.

"మీరు ఆరుగురిలో కదమ్మా?"

"ఆ ఆరుగురు ఎవరో నాకు తెలీదమ్మా. నేనొక్కదాన్నే."

ఆ పిల్ల నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. పిన్ని చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఒరేయ్, ఆయనొస్తే లోపలున్నానని చెప్పు" అంది, వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

బాబాయి వచ్చేటప్పటికి వెంట నిజంగానే ముగ్గురున్నారు. టైర్ల షాపాయన, ఆయన భార్య, ఆవిడ తల్లి. అల్లుడు అత్తగారి సంచీ, గొడుగు, చెప్పులు మూడూ మోస్తున్నాడు.

"ఈయన మా బావగారు. ఈవిడ మా చెల్లెలు. ఈవిడ మా అమ్మ" అని అమ్మాయికి పరిచయం చేశాడు బాబాయి, ఎవరూ అడక్కపోయినా.

"నేనెప్పుడు కన్నానయ్యా నిన్ను?" అంది ముసలావిడ. "చవగ్గా తిండంటే వచ్చా గానీ, పేగు పంచుకోలేదు."

"అత్తయ్యా, ఊరుకోండి" అన్నాడు టైర్లాయన.

"నువ్వు ఊరుకో. చెప్పులు నేల మీద పెట్టకు, పోతాయి."

టోపీ అమ్మాయి వేళ్ళతో లెక్కపెట్టింది. "ఐదుగురే సార్."

బాబాయి చుట్టూ చూశాడు. "మీ పిన్నేదిరా?"

లోపలికి చూపించాను. గాజు గోడ వెంట పొడుగాటి బల్ల. ఒంటరిగా వచ్చినవాళ్ళు వరసగా కూర్చుని సరస్సు వైపు చూస్తూ తింటున్నారు. నడుమ పిన్ని. ముందు సూప్ గిన్నె. తెల్లచొక్కా కుర్రాడు వంగి ఏదో అడుగుతున్నాడు, ఆవిడ తల ఎత్తి జవాబు చెప్తోంది. బాబాయి చాలాసేపు అలా చూశాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. దొరకలేదు. బండి కదిలిపోయాక స్టేషన్లో మిగిలిన మనిషి మొహంలా ఉంది.

"ఆరో మనిషి ఆవిడేనమ్మా. పిలిస్తే వస్తుంది" అన్నాడు.

"ఆవిడ బిల్లు వేరే వేశాం సార్. లేస్తే ఆ సీటు పోతుంది."

"నువ్వెళ్ళి పిలవరా."

వెళ్ళాను. పిన్ని సూప్ చివరి చెంచా తాగి మూతి తుడుచుకుంటోంది.

"బాబాయి ముగ్గుర్ని తెచ్చాడు. నువ్వొస్తే ఆరుగురం."

"మంచివాళ్ళేనా?"

"టైర్ల షాపు. ఒక ముసలావిడ ఉంది, నోరు మంచిది కాదు."

"నాకు చేప చెప్పాను. ఇంకా రాలేదు."

"అది వచ్చేలోపు టేబుల్ పోతుంది పిన్నీ. కట్టింది కూడా పోతుంది."

"పోనీ." పక్క కుర్చీ మీద తన సంచీ ఉంది. దాన్ని చేత్తో తట్టింది. "ఇక్కడాయన ఇప్పుడే లేచాడు. ఎవరూ కూర్చోకుండా ఆపాను. మీ బాబాయిని రమ్మను."

"ఇక్కడ పూర్తి ధర."

"నాకు చదువొచ్చు" అంది. గోడమీద రాసి ఉంది నిజానికి, పెద్దక్షరాల్లో.

బయటికొచ్చి చెప్పాను. బాబాయి ఆ సంచీ పెట్టిన కుర్చీ వైపు చూశాడు, టోపీ అమ్మాయి వైపు చూశాడు, టైర్లాయన వైపు చూశాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే లోపలివాళ్ళు ఇలాగే చూస్తారట, పైకి లాగుతారో కిందికి దింపుతారో తెలీక. ఆయనే చెప్పాడొకసారి.

ఈలోగా ముసలావిడ ఊరుకోలేదు. అవతల బెంచీ మీద కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఒకడు స్నేహితుల బ్యాగులన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఏం బాబూ, నువ్వెక్కలేదా?"

"ఎత్తంటే భయమండీ నాకు."

"భోజనం ఎత్తులో ఉండదు, పద."

అలా ఆరో మనిషి దొరికాడు. "రండి సార్, ఆరుగురూ" అంటూ టోపీ అమ్మాయి ముందు నడిచింది. బాబాయి కోరిన టేబుల్ అదే, కోరిన చవక అదే. ఎవరి కోసం కోరాడో ఆ మనిషి ఒక్కతే అందులో లేదు. ఆయన కదిలాడు. నాకు ఒళ్ళు మండింది, నేనూ కదిలాను. ఆకలి నీతులు వినదు.

దారి ఆ గాజు బల్ల వెనకనుంచే. పిన్ని కుర్చీ దగ్గరికి రాగానే బాబాయి నడక మందగించింది. ఆవిడ తిరగలేదు. గాజులో మా నీడలు చూసే ఉంటుంది.

"బావగారూ, ఇటు" అని టైర్లాయన పిలిచాడు. ఆ చుట్టరికం ఆయనకు అప్పుడే అలవాటైపోయింది.

"ఒక్క నిమిషంలో వస్తానే" అన్నాడు బాబాయి పిన్ని వీపుతో. అని పెద్ద టేబుల్‌కి వెళ్ళాడు.

పెద్ద పళ్ళెం త్వరగానే వచ్చింది. చేప, కోడి, బంగాళాదుంపలు, అన్నం. ముసలావిడ చెంచా అందుకునేలోపే బాబాయి లేచి, తన వాటా తన ప్లేటులో పెట్టుకున్నాడు. ఎక్కువ పెట్టుకోలేదు. ఆరో వంతు అంటే ఆరో వంతే. ఆ ప్లేటు పట్టుకుని హాలంతా దాటి పిన్ని దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను, ఏం చేస్తాడో చూద్దామని.

ఆవిడ పక్కన, సంచీ ఉన్న కుర్చీ వెనక నిలబడి తినడం మొదలుపెట్టాడు.

తెల్లచొక్కా కుర్రాడు వచ్చాడు. "సార్, ఇక్కడ కూర్చుంటే వేరే ఆర్డర్ చెప్పాలండి."

"కూర్చోను బాబూ. నిలబడే తింటా. నాకలవాటే."

కుర్రాడికి దీనికి రూలు ఉందో లేదో తెలీలేదు. బల్ల ముందున్న ఒంటరివాళ్ళంతా తినడం ఆపి చూస్తున్నారు. పిన్ని చేపలోంచి ముల్లు తీసి ప్లేటు అంచున పెట్టింది. సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చోండి."

"వేరే బిల్లంట."

"విన్నాను. నేనిస్తాను."

"నీ దగ్గరెక్కడివే?"

"ఇస్త్రీ పెట్టె ఊరికే రుద్దుతున్నానా రోజూ? కూర్చోండి. మిమ్మల్ని వదిలి నేనెక్కడికీ పరిగెత్తన్లెండి."

బాబాయి ప్లేటు నా చేతికిచ్చాడు. తర్వాత ఆ కుర్చీలో, తడి పెయింటు మీద కూర్చుంటున్నట్టు, అంచున కూర్చున్నాడు.

"ఏమివ్వమంటారు సార్?"

"ఏది తక్కు..."

"నేను తిన్న చేపే ఆయనకీ" అంది పిన్ని. "ముందు సూప్ ఇవ్వండి. వేడిగా."

నేను ఆయన ప్లేటు పెద్ద టేబుల్‌కి తీసుకెళ్ళాను. "మీ వాడు రాడా?" అంది ముసలావిడ. రాడన్నాను. "సరే, ఆ వాటా ఇటివ్వు" అని లాక్కుంది. ఎత్తంటే భయపడే మనిషి ఎవరి పేరూ అడక్కుండా, తల ఎత్తకుండా అందరికంటే ఎక్కువ తిన్నాడు. టైర్లాయన బావగారి వాటా ఎవరివ్వాలని నన్ను అడిగాడు. తిన్నవాళ్ళివ్వాలన్నాను. ఆయన అత్తగారి వైపు చూసి, చూపు దించుకున్నాడు. ఆ భోజనం రుచి నాకు గుర్తులేదు. ఎవరో ఒకరు ఎప్పుడూ ఎవరివో చెప్పులు మోస్తూనే ఉంటారు అనుకోవడం గుర్తుంది.

వాళ్ళంతా లేచి వెళ్ళాక నేను మళ్ళీ గాజు బల్ల దగ్గరికి వచ్చాను. ఇద్దరి ప్లేట్లూ ఖాళీ అయ్యాయి. కాఫీలు వచ్చాయి. బాబాయి తన కప్పు గుటకలో తాగేసినట్టున్నాడు. బల్ల కింద ఆయన మోకాలు ఆడుతూనే ఉంది. గాజు అవతల వరస ఇంకా పెరిగింది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, చేతిలో ఫోన్లు పట్టుకున్నవాళ్ళు, అద్దానికి మొహాలు ఆనించి ఎవరు లేస్తారా అని మావాళ్ళనే చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు బాబాయి కళ్ళలోకి చూసి, అయిందా అన్నట్టు తల ఎగరేశాడు.

"లేద్దామే" అన్నాడు బాబాయి. "పాపం, నిలబడ్డారు అందరూ."

"నిలబడనీండి" అంది పిన్ని.

ఆయన కుర్చీలో అటు జరిగాడు, ఇటు జరిగాడు. లేవడానికి బల్ల మీద చెయ్యి ఆనించాడు కూడా. ఆ చెయ్యి పక్కనే పిన్ని చెయ్యి ఉంది, కప్పు చుట్టూ. ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది. పిన్ని తెల్లచొక్కా కుర్రాణ్ణి పిలిచి ఇంకో కాఫీ చెప్పింది.